డిసెంబరు చెయ్యి

ఒర్సొలా దుకాణంలోకి వచ్చేసరికి
మోచేతుల దాకా పిండి.
రాత్రి రెండింటికి లేచి రొట్టెలు కాల్చే మనిషి,
మధ్యాహ్నమంటే ఆమెకు పొద్దుగూకిన వేళ.
వెనకాలే తమ్ముడు టర్చీజియో,
చేతిలో జాబితా, నోట్లో ధరలు.

మా ట్రోంపియా లోయలో
మెల్లా నది ఒడ్డున
ఇనప కడ్డీకి నిలువునా తూటు పొడవడమే
తాతల నాటి బతుకుతెరువు.
ఇక్కడ ప్రతి తమ్ముడికీ తుపాకుల గురించి తెలుసు.
నాకు తెలిసింది పిడి ఒక్కటే.
నలభై ఏళ్లుగా అక్రోటు చెక్క చెక్కుతున్నాను.
మొహాలు మర్చిపోతాను,
అరచేతులు మర్చిపోను.

"ఇరవై అయిదు మీటర్ల పోటీకి," అన్నాడు టర్చీజియో,
"పాయింట్ టూ టూ. కొత్తది. అందరూ కొంటున్నది."
ఆమె మాట్లాడలేదు.
ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టింది.
ఎడమచేతి వాటం. పైగా
చూపుడువేలికి కొస లేదు.
పద్దెనిమిదో ఏట పిండి మర తిన్నదట.
ఆ రోజు రొట్టెలు అమ్మారా అని
ఇప్పటికీ ఊళ్లో ఎవరూ అడగరు.

మూడు పిస్టళ్లు పరిచాను.
ఒకటి తేలిక, చేప పొట్టలా మెరుస్తోంది.
ఒకటి జాబితాలోది.
మూడోది ఓ సంగీతం మాస్టారు
కంట్లో పొర వచ్చాక నా దగ్గర వదిలేసింది,
నీలిపూత అరిగి బూడిద తేలింది.

కళ్లు మూసుకోమన్నాను.
చెయ్యెత్తి, ఊపిరి సగం వదిలి, ఆగమన్నాను.
ఇప్పుడు తెరువు.
గోడ మీద నల్ల చుక్క ఎక్కడుంది?
మొదటిదానికి కుడివైపు పారిపోయింది.
రెండోది పైకప్పు దూలాన్ని చూస్తోంది.
మూడోది
ఎక్కుడు దిగిన గాడిదలా తల కాస్త వంచింది గానీ
చుక్క కిందే నిలబడింది.

"అది పాతది," అన్నాడు తమ్ముడు.
"చెయ్యీ పాతదే," అంది.

ట్రిగ్గర్ లాగుడు వెయ్యి గ్రాములకు తగ్గకూడదు,
పోటీకి ముందు గుండు తగిలించి ఎత్తి చూస్తారు,
అని మొదలెట్టానో లేదో
మొదటిసారి నవ్వింది.
"కిలో సంగతి నాకు చెబుతావా, జెర్వాజియో?"
ఖాళీ పిస్టల్ గోడకేసి పట్టి
మెల్లగా నొక్కింది.
టిక్.
"యాభై గ్రాములు తక్కువ."
గుండు తగిలించి ఎత్తాను.
టిక్.
నోరు మూసుకుని మర బిగించాను.

పిడికి పులమడానికి పుట్టీ ముద్ద ఇచ్చాను.
అందరూ దాన్ని ఏ పిల్లి చేసిన పనో అన్నట్టు
రెండు వేళ్లతో పట్టుకుంటారు.
ఆమె అరచేతి మడమతో తోసి, మడిచి,
తిప్పి, మళ్లీ తోసి...
పొంగుతుందేమోనని నాకే భయం వేసింది.
తరవాత పట్టుకుని నిలబడింది.
ఆరు నిమిషాలు. బయట నది చప్పుడు.
టర్చీజియో జాబితాని నాలుగు మడతలు పెట్టి
జేబులో దాచుకున్నాడు.

పొట్టి వేలికి అందేలా ట్రిగ్గర్ వెనక్కి జరిపాను,
పిడి వెన్ను రెండు మిల్లీమీటర్లు అరగదీశాను.
గెలుస్తానా అని అడగలేదు ఆమె.
అందరూ అడిగేది అదే.
చెక్కపొట్టు కొంచెం ఇస్తావా అంది, పొయ్యి రాజెయ్యడానికి.

ఏప్రిల్‌లో బ్రెషాలో పోటీ.
ముప్పై ఒక్కమందిలో పందొమ్మిది.
మర్నాడే వచ్చింది, పిస్టల్ పెట్టె చంకన పెట్టుకుని.
"పిడిలో నా చెయ్యి జారుతోంది."
కొలత తప్పదు నాది.
పట్టుకోమన్నాను. నిజమే,
బొటనవేలి మొదట్లో
ఒక పోస్టుకార్డు దూరేంత సందు.

అప్పుడు చెప్పింది:
క్రిస్మస్ ముందు నెలంతా పానెత్తోనేలు,
రోజుకి నాలుగొందలు,
చేతులు వాచి పాతజోళ్లంత అవుతాయట.
వసంతానికి గానీ దిగవట.
నేను కొలిచింది డిసెంబరు చెయ్యి.
కాల్చింది ఏప్రిల్ చెయ్యి.

నలభై ఏళ్లు.
ఏ నెలలో వచ్చారని ఎవరినీ అడగలేదు.

ఆకురాయి పక్కన పెట్టి
పుట్టీ డబ్బా కోసం అల్మారా వెతికాను.
తిరిగి చూస్తే
ఆమె అప్పటికే చేతులు కడుక్కుంటోంది.